తెలుగు చిన్న పత్రికలలో అక్షర విన్యాసం

తెలుగు చిన్న పత్రికలలో అక్షర విన్యాసం అనగా రచయితలు, కవులు, చిత్రకారులు సొంత ఖర్చుతోనో, చందాలతోనో నడిపిన సాహిత్య, కళా పత్రికలలోను, వారే వెలువరించిన కవితా సంపుటాలలోను అక్షరాల రూపం, పరిమాణం, అమరికలతో జరిగిన ప్రయోగాలు. కొలాజ్ అనబడే అతుకు చిత్రాలతో చేసిన ప్రయోగాలను కూడా దీనితో కలిపి చెప్పుకోవడం వాడుక. ఐరోపాలో ఇటువంటి ప్రయోగాలు ప్రధానంగా అచ్చు అక్షరాలతోనే జరిగాయి. తెలుగులో అవి ఎక్కువగా చేతిరాత, కుంచెతో వ్రాసిన శీర్షికలు, ముఖచిత్రాల ద్వారా సాగాయి. తెలుగు లిపి స్వభావము, సీసపు అక్షరాల కూర్పులోని కష్టము ఇందుకు ముఖ్య కారణాలు. ఈ పత్రికలలోని రచనలు తరువాతి కాలంలో సంకలనాలుగా పునర్ముద్రణ పొందినప్పుడు సాధారణంగా పాఠం మాత్రమే మిగిలి, పుట రూపం మారిపోతుంది. అందువలన ఈ ప్రయోగాల అధ్యయనానికి మూల ప్రతులే ఆధారం.

పేరు, పరిధి

"చిన్న పత్రిక" అనే మాట పుటల సంఖ్యను కాక నిర్వహణ పద్ధతిని సూచిస్తుంది. బెంగాలీ, మరాఠీ సాహిత్యాలలో "లిటిల్ మ్యాగజైన్" అన్న పేరు స్థిరపడింది. ఇటువంటి పత్రికలకు ఈ క్రింది లక్షణాలు సామాన్యం.

* సంపాదకుడు, ప్రచురణకర్త తరచు ఒకరే, లేదా ఒకే మిత్రబృందం.
* ప్రకటనల ఆదాయం స్వల్పం. చందాలు, విరాళాలే ఆధారం.
* సంచికలు సకాలంలో రావడం అరుదు. కొన్ని పత్రికలు కొద్ది సంచికలతోనే ఆగిపోతాయి.
* పెద్ద పత్రికలు వేసుకోని రచనలకు, బొమ్మలకు వీటిలో చోటు దొరుకుతుంది.

అక్షర విన్యాసంలో రెండు వేర్వేరు పనులు ఉన్నాయి. మొదటిది అక్షరాన్ని రూపొందించడం. రెండవది ఉన్న అక్షరాలను పుటపై అమర్చడం. కొలాజ్ అనే మాట అతికించడం అనే అర్థం గల ఫ్రెంచి ధాతువు నుండి వచ్చింది. వార్తాపత్రికల ముక్కలు, ఛాయాచిత్రాలు, గుడ్డ పీలికలు, టిక్కెట్లు మొదలైన వాటిని కత్తిరించి ఒకే తలంపై అతికించి చేసే చిత్రం ఇది.

పూర్వ సంప్రదాయం

అక్షరాలను బొమ్మగా అమర్చడం తెలుగువారికి కొత్త కాదు. సంస్కృత ఆలంకారికులు చిత్రకవిత్వంగా పేర్కొన్న ప్రక్రియలో బంధ కవిత్వం ఒక భాగం. పద్మబంధం, చక్రబంధం, నాగబంధం, ఖడ్గబంధం, గోమూత్రిక మొదలైనవి ఇందులోని భేదాలు. పద్మబంధంలో పద్యంలోని అక్షరాలు తామరరేకులపై పరచుకొని ఉండగా, నడుమనున్న కర్ణికలోని అక్షరం మళ్ళీ మళ్ళీ చదవబడుతుంది. నాగబంధంలో పాము చుట్టలు ఒకదానినొకటి దాటే చోట్ల అక్షరాలు రెండేసి పాదాలకు ఉమ్మడిగా ఉంటాయి.

నంది తిమ్మన పారిజాతాపహరణములోను, గణపవరపు వేంకటకవి ప్రబంధరాజ వేంకటేశ్వర విజయ విలాసములోను చిత్రకవిత్వానికి ప్రసిద్ధమైన ఉదాహరణలు ఉన్నాయి. ఆధునిక ప్రయోగాలకు, బంధ కవిత్వానికి ఒక ముఖ్యమైన భేదం ఉంది. బంధంలో బొమ్మ ముందే నిర్ణయమై ఉంటుంది, కవి దానికి లొంగి పద్యం చెబుతాడు. ఛందస్సు చెడదు. ఆధునిక కవి ఛందస్సును విడిచి, పుటలోని ఖాళీనే విరామంగాను, అక్షర పరిమాణాన్నే స్వరంగాను వాడుకొంటాడు.

ప్రపంచ నేపథ్యం

కొలాజ్ ఆధునిక చిత్రకళలోకి 1912 లో పాబ్లో పికాసో, జార్జ్ బ్రాక్ ల చేతుల మీదుగా ప్రవేశించింది. ఇటలీ కవి మారినెట్టి 1914 లో వెలువరించిన "జాంగ్ టుంబ్ టుంబ్" లో యుద్ధధ్వనులను చిన్నా పెద్దా టైపులతో పుట అంతటా వెదజల్లాడు. అదే ఏడు లండనులో విండమ్ లూయిస్ "బ్లాస్ట్" పత్రికను లావైన నల్లటి శీర్షికలతో ప్రారంభించాడు. 1916 లో జూరిక్ లో పుట్టిన డాడా ఉద్యమం పత్రికనే కళాఖండంగా మలచింది. గియోమ్ అపోలినేర్ "కాలిగ్రామ్స్" 1918 లో వచ్చింది. కుర్ట్ ష్విటర్స్ "మెర్జ్" పత్రికను 1923 నుండి 1932 వరకు నడిపాడు. మయకోవ్‌స్కీ కవితలకు ఎల్ లిసిట్స్కీ 1923 లో చేసిన పుస్తక రూపకల్పనలో బొమ్మలు సైతం అచ్చుపెట్టెలోని సామగ్రితోనే కూర్చబడ్డాయి.

భారతదేశంలో ఈ ధోరణి స్వాతంత్ర్యానంతరం చిన్న పత్రికల ద్వారా వ్యాపించింది. 1954 లో బొంబాయిలో అరుణ్ కొలాట్కర్, దిలీప్ చిత్రే మొదలైనవారు మరాఠీలో "శబ్ద" పత్రికను సైక్లోస్టైలు చేసి తెచ్చారు. 1961 లో మొదలైన బెంగాలీ హంగ్రీ తరం కవులు ఒంటికాగితపు కరపత్రాలను ఆయుధంగా చేసుకొన్నారు. అలహాబాదులో అరవింద్ కృష్ణ మెహ్రోత్రా 1965 లో "డామ్ యూ" అనే పత్రికను ప్రారంభించాడు. చిత్రకారుడు జె. స్వామినాథన్ 1966 లో "కాంట్రా 66" ను, బరోడాలో గులామ్ మొహమ్మద్ షేక్, భూపేన్ ఖఖ్ఖర్ లు 1969 నుండి 1973 వరకు "వృశ్చిక్" ను వెలువరించారు.

తెలుగు అచ్చుకూర్పు పరిమితులు

తెలుగు అచ్చు చరిత్ర పాతదే. బెంజమిన్ షుల్జ్ జర్మనీలోని హాలే పట్టణంలో 1746 లోనే తెలుగు అక్షరాలతో పుస్తకం ముద్రించాడు. అయినా ఇరవయ్యవ శతాబ్దపు ద్వితీయార్ధం వరకు తెలుగు కంపోజింగు శ్రమతో కూడిన పనిగానే ఉండేది. రోమను లిపిలో 26 అక్షరాలు, వాటి పెద్ద బడి, చిన్న బడి రూపాలు ఉంటే చాలు. తెలుగులో ప్రతి హల్లుకు గుణింతాలు, ఒత్తులు, జంట ఒత్తులు కావాలి. కంపోజిటరు వందలకొద్దీ గళ్ళున్న కేసుల ముందు నిలబడి ఒక్కొక్క టైపును ఏరి స్టిక్కులో పేర్చవలసి వచ్చేది. ఒక పరిమాణంలోనే ఇంత సరుకు కావలసినప్పుడు నాలుగైదు పరిమాణాలు, రూపాలు కొనిపెట్టుకొనే స్తోమత చిన్న అచ్చాఫీసుకు ఉండదు.

లిపి స్వభావం వలన కలిగే పరిమితులు ఇవి.

* తెలుగులో పెద్ద బడి, చిన్న బడి భేదం లేదు. ఒక మాటను ఎత్తి చూపాలంటే పరిమాణం మార్చాలి, లేదా లావు టైపు వాడాలి.
* ఒత్తులు పంక్తికి దిగువన వ్రేలాడుతాయి. పై పంక్తిలోని ఒత్తు క్రింది పంక్తిలోని గుడికి, తలకట్టుకు తగలకుండా పంక్తుల నడుమ ఎడం ఉంచాలి. కనుక పంక్తులను బాగా దగ్గరగా కూర్చడం కుదరదు.
* రోమను అక్షరాలను ఒక్కొక్కటిగా విడదీసి నిలువుగానో ఏటవాలుగానో జారవిడవవచ్చు. తెలుగులో విడదీయదగిన ప్రమాణం అక్షరమే. "స్త్రీ" అన్నది ఒకే ముద్ద. దానిని ముక్కలు చేస్తే చదవడానికి మిగలదు.

కొలాజ్ కు ఉన్న చిక్కు మరొకటి. సీసపు అచ్చులో ఉబ్బెత్తుగా ఉన్నదే కాగితంపై పడుతుంది. అతికించిన చిత్రాన్ని నేరుగా అచ్చు వేయడం సాధ్యం కాదు. దానిని ఫోటో తీసి, చుక్కలుగా మార్చి, లోహపు హాఫ్‌టోన్ బ్లాకు చేయించాలి. బ్లాకు మేకర్లు పట్టణాలలోనే ఉండేవారు. బ్లాకు ఖర్చు చదరపు అంగుళాల లెక్కన ఉండేది. అందుచేత సంచికకు ఒక ముఖచిత్రం, ఒకటి రెండు గీతల బొమ్మలు మించి వేయడం చిన్న పత్రికకు భారమయ్యేది. గీతల బొమ్మకు వాడే లైన్ బ్లాకు చవక. చిత్రకారుడు శీర్షికను కూడా కుంచెతో వ్రాసి ఇస్తే బొమ్మకు, శీర్షికకు కలిపి ఒకే బ్లాకు సరిపోయేది. తెలుగులో చేతి అక్షరాల సంప్రదాయం బలపడడానికి ఈ పొదుపు కూడా ఒక కారణం.

కవితా సంపుటాలలో ప్రయోగాలు

తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి "పఠాభి" అనే పేరుతో 1939 లో వెలువరించిన "ఫిడేలు రాగాల డజన్" ఈ దిశలో తొలి అడుగుగా పరిగణింపబడుతున్నది. దీనికి శ్రీశ్రీ ముందుమాట వ్రాశాడు. వ్యాకరణాన్ని, ఛందస్సును ధిక్కరిస్తానని ప్రకటించిన ఈ పుస్తకంలో ఇంగ్లీషు మాటలు తెలుగు లిపిలో యథేచ్ఛగా కలిసిపోయాయి. భిన్న భాషల, భిన్న స్థాయిల మాటలను ఒకచోట అతికించడం ఇందులోని ముఖ్య లక్షణం. ఈ అర్థంలో ఇది మాటలతో చేసిన కొలాజ్.

తెలంగాణలో రజాకార్ల దాష్టీకాల నేపథ్యంలో 1949 లో ఆరుద్ర "త్వమేవాహం" వచ్చింది. వరుస కథనాన్ని విడిచి దృశ్యాలను ముక్కలుగా పేర్చిన ఈ కావ్యం అర్థం కాదన్న విమర్శను ఎదుర్కొన్నది. శ్రీశ్రీ "మహాప్రస్థానం" 1950 లో పుస్తకరూపం దాల్చింది. పొట్టి పంక్తులు, వాటి పక్కనున్న ఖాళీ పాఠకుని గొంతును నడిపించగలవని ఈ పుస్తకం లక్షలాది పాఠకులకు అలవాటు చేసింది.

1965 లో దిగంబర కవులు రంగప్రవేశం చేశారు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అనే మారుపేర్లతో ఆరుగురు కవులు మూడు సంపుటాలు ప్రచురించారు. మొదటిది 1965 మే నెలలో హైదరాబాదులో, రెండవది 1966 డిసెంబరులో విజయవాడలో, మూడవది 1968 సెప్టెంబరులో విశాఖపట్నంలో విడుదలయ్యాయి. మొదటి సంపుటాన్ని అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడు, రెండవదానిని ఒక హోటలు పనివాడు, మూడవదానిని ఒక భిక్షుకురాలు ఆవిష్కరించారు. ఈ కవులు తమ కవితలను "దిక్" లు అన్నారు. తమకంటూ ఒక శకాన్ని, ఋతువులను, వారాలను సైతం కల్పించుకొన్నారు. పేరు, తేదీ, ఆవిష్కరణ అన్నీ రచనలో భాగాలే అన్న భావన తెలుగులో ఇంత స్పష్టంగా కనబడడం అదే మొదలు. ఐరోపాలో డాడా వాదులు పత్రికను ఒక సంఘటనగా మార్చిన పద్ధతితో దీనికి పోలిక ఉంది. అయితే దిగంబర కవుల దృష్టి కళాసంస్థలపై కంటే సమాజంలోని కుళ్ళుపై ఎక్కువగా నిలిచింది.

ఓరుగల్లు ప్రాంతం

పూర్వపు వరంగల్ జిల్లాకు చిన్న పత్రికల చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. 2016 లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఈ ప్రాంతం జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి తదితర జిల్లాలుగా విడిపోయింది. లింగాల ఘనపూర్ మండలం జనగామ జిల్లాలో చేరింది.

నిజాం పాలనలో ఉర్దూ రాజభాషగా ఉన్నప్పుడు 1904 లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం స్థాపితమైనది. 1922 లో ఇనుగుర్తి గ్రామం నుండి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, ఒద్దిరాజు రాఘవరంగారావు సోదరులు "తెనుగు" వారపత్రికను ప్రారంభించారు. ఇనుగుర్తి ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. నగరంలో కాక ఒక పల్లెలో ముద్రణాలయం పెట్టి పత్రిక నడపడం ఆ కాలానికి సాహసం. ఇందులో కళాప్రయోగాలు లేకపోయినా, పత్రికకు కావలసినది పెద్ద నగరం కాదు, పట్టుదల గల ఇద్దరు మనుషులు, ఒక అచ్చుయంత్రం అన్న సంగతిని ఇది నిరూపించింది.

1966 లో వరంగల్లు నుండి సాహితీ మిత్రులు "సృజన" పత్రికను ప్రారంభించారు. దీని నిర్వాహకులలో ముఖ్యుడైన వరవరరావు స్వగ్రామం చిన్నపెండ్యాల ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. మొదట త్రైమాసికంగా వచ్చిన ఈ పత్రిక 1970 లో మాసపత్రికగా మారింది. ఆధునిక కవిత్వానికి, విమర్శకు వేదికగా మొదలై, క్రమంగా విప్లవ సాహిత్యానికి ముఖ్య పత్రికగా రూపొందింది. వరవరరావు జైలులో ఉన్న కాలంలో హేమలత సంపాదకత్వ బాధ్యత వహించింది. కొన్ని సంచికలను ప్రభుత్వం నిషేధించింది. పత్రిక 1992 వరకు వెలువడింది. నిషేధానికి గురైన సంచికల విషయంలో మిగిలిన ప్రతి ఒక్కటీ విలువైనదే. రచనను ఎక్కడైనా తిరిగి అచ్చువేయవచ్చు గాని, అది ఏ బొమ్మ పక్కన, ఏ అక్షరాలతో పాఠకుని చేతికి చేరిందో ఆ ప్రతి మాత్రమే చెప్పగలదు.

చేతిరాత, సైక్లోస్టైలు

అచ్చు ఖర్చు భరించలేనివారికి లిఖిత పత్రికలు, సైక్లోస్టైలు పత్రికలు ఆధారమయ్యాయి. లిఖిత పత్రికను ఒకే ప్రతిగా చేత్తో వ్రాసి, బొమ్మలు వేసి, గ్రంథాలయంలోనో పాఠశాలలోనో చేతులు మార్చుకొంటూ చదివేవారు. సైక్లోస్టైలు పద్ధతిలో మైనపు స్టెన్సిలుపై ములుకుతో వ్రాస్తే ఆ గీతల గుండా సిరా దిగి కాగితంపై పడుతుంది. స్టెన్సిలుపై అక్షరం, బొమ్మ రెండూ ఒకే ములుకుతో గీయబడతాయి. కనుక అచ్చుపెట్టెలో సాధ్యం కాని అక్షర విన్యాసం ఇక్కడ సులభం. ఒకే స్టెన్సిలుతో తీయగల ప్రతుల సంఖ్యకు మాత్రం పరిమితి ఉంది. సిరా క్రమంగా పలచబడి, స్టెన్సిలు చిరిగిపోతుంది.

ముఖచిత్రాలలో, శీర్షికలలో చేతి అక్షరాలకు ప్రతిష్ఠ తెచ్చినవారిలో బాపు అగ్రగణ్యుడు. బాపు అక్షరాలు వ్యాపార పత్రికలకు, చిన్న పత్రికలకు నడుమ ఉన్న గోడను దాటి, పెళ్ళి శుభలేఖల వరకు వ్యాపించాయి. చిత్రకారులు చంద్ర, మోహన్ అభ్యుదయ, విప్లవ సాహిత్య పుస్తకాలకు బొమ్మలు, ముఖచిత్రాలు సమకూర్చారు.

చేతిరాతకు దక్కిన గౌరవానికి 1981 నాటి "మహాప్రస్థానం" లండను ప్రచురణ మంచి ఉదాహరణ. గూటాల కృష్ణమూర్తి చొరవతో వెలువడిన ఈ ప్రతిలో కవితలన్నీ శ్రీశ్రీ స్వదస్తూరీలోనే అచ్చయ్యాయి. దీనితోపాటు కవి గొంతులో కవితల శబ్దగ్రహణం కూడా విడుదలైంది. పాఠం మారకుండానే పుట రూపం మారితే పుస్తకం మరొకటి అవుతుందని ఈ ప్రచురణ తెలుపుతుంది.

ఆఫ్‌సెట్, కంప్యూటరు అక్షరాలు

ఆఫ్‌సెట్ ముద్రణ వ్యాప్తితో పరిస్థితి మారింది. ఈ పద్ధతిలో కూర్చిన పాఠాన్ని, బొమ్మలను, శీర్షికలను కత్తిరించి ఒక పెద్ద కాగితంపై అతికించి, మొత్తం పుటను ఫోటో తీసి పలక తయారు చేస్తారు. అంటే ప్రతి పుట స్వభావరీత్యా ఒక కొలాజే. కత్తెర, జిగురు ఉన్నవారెవరైనా వార్తాపత్రిక ముక్కను, ఛాయాచిత్రాన్ని, చేతిరాతను ఒకే పుటలో కలపగలిగారు. వేరుగా బ్లాకు చేయించే అవసరం తప్పింది.

తరువాత డీటీపీ వచ్చి కత్తెర పనిని తెరపైకి మార్చింది. అను, శ్రీలిపి వంటి అక్షర సంపుటాలు తెలుగు ప్రచురణ రంగంలో విస్తృతంగా వాడబడ్డాయి. బాపు చేతిరాతను అనుసరించి కంప్యూటరు అక్షరాలు కూడా తయారయ్యాయి. అయితే ఈ సంపుటాల సంకేతాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఒక సంపుటంలో కూర్చిన పత్రికను ఆ అక్షరాలు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి.

యూనీకోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991 నాటి తొలి కూర్పులోనే చోటు లభించింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన అనే యూనీకోడ్ అక్షరాలు ఉచితంగా లభించి తొలి తరం వాడుకరులకు ఎంతో తోడ్పడ్డాయి. 2010 ల దశాబ్దంలో గురజాడ, గిడుగు, ధూర్జటి, సూరన్న, రామభద్ర, తిమ్మన, మండలి మొదలైన పేర్లతో మరికొన్ని ఉచిత అక్షరాలు అందుబాటులోకి వచ్చాయి. చిత్రకవిత్వం చెప్పిన తిమ్మన పేరు ఒక అక్షర రూపానికి దక్కడం సముచితం.

పరిరక్షణ

చిన్న పత్రికల పరిరక్షణలో ఎదురయ్యే ముఖ్య సమస్యలు ఇవి.

* గ్రంథాలయాలలో సంవత్సరపు సంచికలను కలిపి బైండు చేసేటప్పుడు ముఖపత్రాలను, ప్రకటన పుటలను తొలగించడం కద్దు. చిన్న పత్రికలో ప్రయోగం ఎక్కువగా ముఖపత్రంపైనే ఉంటుంది.
* ముఖచిత్రకారుని పేరు, అచ్చాఫీసు పేరు సాధారణంగా లోపలి అట్టపైనో చివరి పుట అడుగునో ఉంటాయి. ఆ పుట పోతే చిత్రకారుడు అనామకుడవుతాడు. కంపోజిటరు పేరు ఏ పుటలోనూ ఉండదు.
* నలుపు తెలుపులలో మాత్రమే స్కాను చేసినప్పుడు రంగులు, కాగితపు ఛాయ, హాఫ్‌టోన్ చుక్కలు నశిస్తాయి.
* నాసిరకం కాగితం ఆమ్లగుణం వలన పసుపుబారి పెళుసై విరిగిపోతుంది.

వేటపాలెంలోని సారస్వత నికేతనం, హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం మొదలైన గ్రంథాలయాలు పాత పత్రికలను భద్రపరచాయి. ప్రెస్ అకాడమీ, మనసు ఫౌండేషన్ వంటి సంస్థలు పాత తెలుగు పత్రికలను, పుస్తకాలను డిజిటలీకరించాయి.

జనగామ జిల్లాలోని బమ్మెరకు చెందినవాడుగా ప్రసిద్ధుడైన పోతన రచించిన భాగవతంలో శిథిలమైన భాగాలను బొప్పరాజు గంగన, ఏర్చూరి సింగన, వెలిగందల నారయ పూరించారని సంప్రదాయం చెబుతుంది. పాఠం విషయంలో అటువంటి పూరణ సాధ్యమే. చినిగిపోయిన ముఖచిత్రాన్ని, చెదిరిపోయిన అమరికను పూరించగలవారు లేరు. పాత సంచికలు ఉన్నవారు వాటిని ముఖపత్రాలతోను, వెనుక అట్టలతోను సహా రంగులలో స్కాను చేసి, చిత్రకారుల పేర్లు, ముద్రణాలయాల పేర్లు నమోదు చేయడం ఈ చరిత్ర మిగలడానికి అవసరం.

ఇవి కూడా చూడండి

* బంధ కవిత్వం
* దిగంబర కవులు
* పఠాభి
* సృజన
* తెనుగు పత్రిక
* బాపు
* తెలుగు లిపి
* లింగాల ఘనపూర్ మండలం